వెతుకులాట ఉమ్మడిది, తీర్పు ఎవరిది?

పేటెంటు పరీక్షకుడు సాహిత్యంలోకి ఎక్కని మనిషి. న్యాయమూర్తులూ వైద్యులూ పోలీసులూ బడిపంతుళ్లూ నడిచిన నవలలు కోకొల్లలు. బెర్న్ నగరంలోని స్విస్ పేటెంటు కార్యాలయంలో 1902 నుంచి 1909 దాకా కొలువు చేసిన ఐన్‌స్టీన్ జీవితచరిత్రల్లో తప్ప ఈ వృత్తి మనకు దాదాపుగా ఎదురుకాదు. అక్కడ కూడా మన చూపు ఆయన బల్ల సొరుగులో దాచుకున్న భౌతికశాస్త్రం మీదే గాని, బల్ల మీద ఉన్న దరఖాస్తుల మీద నిలవదు. పీటర్ డ్రహోస్ రాసిన ‘ద గ్లోబల్ గవర్నెన్స్ ఆఫ్ నాలెడ్జ్: పేటెంట్ ఆఫీసెస్ అండ్ దెయిర్ క్లయింట్స్’ అనే పుస్తకం (కేంబ్రిడ్జి, 2010) ఆ బల్ల మీది కాగితాలనే చూడమంటుంది. సంపన్న దేశాలూ పేద దేశాలూ కలిపి 45 దేశాల కార్యాలయాలను పరిశీలించి రాసిన గ్రంథం. ఈ వ్యాసం దానికి సమీక్ష కాదు. అది రేపిన ఒక ప్రశ్న వెంట పడి నేను తెలుసుకున్న చరిత్ర.

ఆ ప్రశ్న పైకి చాలా అమాయకమైనది. ఒకే ఆవిష్కరణకు ఇరవై దేశాల్లో పేటెంటు అడిగారనుకుందాం. ఇరవై గదుల్లో ఇరవై మంది కూర్చుని, అదే దరఖాస్తును చదివి, అవే పాత పుస్తకాలు తిరగేసి, అవే ఆక్షేపణలు రాయడం దేనికి? ఒకరు చేసిన పనిని మిగిలిన పంతొమ్మిది మందీ తీసుకుంటే కాలమూ సొమ్మూ కలిసిరావా?

జవాబు చెప్పే ముందు పరీక్షకుడు చేసే పనిని రెండుగా విడదీయాలి. మొదటిది వెతుకులాట. దరఖాస్తుదారు తనదని చెప్పుకుంటున్నది అంతకుముందే ఎక్కడైనా, ఎవరిచేతనైనా తెలిసి ఉందా అని లోకంలోని పాత పేటెంట్లనూ పత్రికలనూ గాలించడం. ఆ పాత సరుకంతటినీ కలిపి పూర్వజ్ఞానం అందాం. రెండవది తీర్పు. దొరికిన పూర్వజ్ఞానాన్ని పక్కన పెట్టుకుని, ఇది నిజంగా కొత్తదేనా, ఆ విద్య తెలిసినవాడికి ఇట్టే తట్టే విషయమా, మా దేశపు చట్టం దీనికి గుత్తాధికారం ఇవ్వమంటుందా అని తేల్చడం. వెతుకులాట గ్రంథాలయంలో జరిగే పని. తీర్పు చట్టం చేతిలో పట్టుకుని చేసే పని. ఈ రెంటినీ ఒకటిగా చూసినప్పుడల్లా చిక్కులు వచ్చాయి. అంతర్జాతీయ పేటెంటు సహకార చరిత్ర అంతా ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలన్న బేరమే.

వైద్యులకు ఈ తేడా కొత్తది కాదు. ఇక్కడ ఇంగ్లండులో ఒక ఊరి ఆసుపత్రి నుంచి మరో పెద్దాసుపత్రికి క్యాన్సరు రోగిని పంపినప్పుడు, అతని కణజాలపు గాజుపలకలూ, వాటి మీద అక్కడి పాథాలజిస్టు రాసిన నివేదికా కలిసే వస్తాయి. నివేదిక ఉంది కదా అని మేం గాజుపలకలను పక్కన పడేయం. మా పాథాలజిస్టు వాటిని మళ్లీ చూస్తాడు. అక్కడ మళ్లీ కణజాలం తీయక్కరలేకుండా చేయడం సహకారం. మళ్లీ చూడక్కరలేదనడం మాత్రం వేరే సంగతి. చాలాసార్లు రెండో నివేదిక మొదటిదాన్నే బలపరుస్తుంది. బలపరచని ఆ కొద్దిమంది రోగుల కోసమే ఈ ఏర్పాటు.

సహకారానికి తొలి పునాది పడింది ఒక సంతలో. 1873లో వియన్నాలో ప్రపంచ ప్రదర్శన ఏర్పాటైంది. అమెరికా తయారీదారులు తమ యంత్రాలను తెచ్చి అక్కడ నిలబెట్టడానికి జంకారు. చూసినవాడు చూసినట్టే నకలు చేసుకుపోతే దిక్కెవరని వారి భయం. ఆస్ట్రియా ప్రభుత్వం ప్రదర్శనకు వచ్చే వస్తువుల కోసం ఒక తాత్కాలిక రక్షణ చట్టం చేసింది. అదే ఏడు అక్కడే పేటెంట్ల మీద ఒక మహాసభ జరిగింది. ఆ చర్చలు పదేళ్లు నడిచి 1883 మార్చి 20న పారిస్ ఒప్పందంగా తేలాయి. సంతకం చేసినవి 11 దేశాలు. వాటిలో నెదర్లాండ్స్ అంతకు 14 ఏళ్ల కిందటే, 1869లో, తన పేటెంటు చట్టాన్ని రద్దు చేసుకుంది. స్విట్జర్లండుకు అప్పటికి జాతీయ పేటెంటు చట్టమే లేదు. తన ఇంట్లో లేని వస్తువును ఊరంతా ఎలా పంచుకోవాలో చెప్పే పత్రం మీద సంతకం చేయడం చరిత్రలో అంత అరుదైన విషయమేమీ కాదు లెండి.

పారిస్ ఒప్పందం ఇచ్చిన అసలైన వరం గడువు. అంతకుముందు ఒక దేశంలో దరఖాస్తు వెల్లడైతే, మరో దేశంలో అది కొత్తదనం కోల్పోయే ప్రమాదం ఉండేది. అన్ని దేశాల్లో ఒకేసారి దరఖాస్తు పెట్టాలంటే ఆవిష్కర్త ఒళ్లూ ఇల్లూ గుల్లయ్యేవి. పారిస్ తరువాత ఒక దేశంలో పెట్టిన తేదీని మిగిలిన సభ్యదేశాలు కూడా గౌరవించాయి. మొదట ఆరు నెలలు. 1900లో బ్రస్సెల్స్ సవరణతో 12 నెలలు. అదే బ్రస్సెల్స్ సవరణలో మరో సూత్రం కూడా చేరింది. దాన్ని మరిచిపోతే తరువాతి కథ అర్థం కాదు. ఒకే ఆవిష్కరణకు వేర్వేరు దేశాల్లో ఇచ్చిన పేటెంట్లు ఒకదానిమీద ఒకటి ఆధారపడవు. ఒక దేశం ఇచ్చిందని మరొకటి ఇవ్వక్కరలేదు. ఒక దేశం కొట్టేసిందని మరొకటి కొట్టేయక్కరలేదు. తేదీ ఉమ్మడి, తీర్పు విడివిడి.

విడివిడి అంటే నిజంగా విడివిడే. అమెరికా 1836 నుంచీ, జర్మనీ 1877 నుంచీ దరఖాస్తులను వివరంగా పరీక్షిస్తూ వచ్చాయి. బ్రిటన్‌లో కొత్తదనం కోసం వెతకడం 1905లోగాని మొదలుకాలేదు. అదీ గత 50 ఏళ్ల బ్రిటిష్ పేటెంట్లలో మాత్రమే. సముద్రం అవతల ఏముందో వారికి అనవసరం. ఫ్రాన్సు దారి ఇంకా వేరు. అడిగినవారికి పేటెంటు ఇచ్చి, వస్తువు మీద ‘ప్రభుత్వ పూచీ లేదు’ అని అచ్చొత్తుకోమనేది. 1844 నాటి చట్టం పెట్టిన ఆ నాలుగక్షరాల ముద్ర పాత ఫ్రెంచి గడియారాల మీదా వంటింటి సామాను మీదా ఇప్పటికీ కనిపిస్తుంది. 1968 చట్టం వచ్చేదాకా ఆ పద్ధతే సాగింది. నాకు ఆ ముద్ర అంటే ఒక రకమైన గౌరవం. చూడనిదాన్ని చూశానని చెప్పుకోలేదు కదా.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక వెతుకులాటను ఉమ్మడి చేసే తొలి ప్రయత్నం జరిగింది. 1947 జూన్ 6న ఫ్రాన్సు, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ కలిసి హేగ్ నగరంలో అంతర్జాతీయ పేటెంటు సంస్థను నెలకొల్పాయి. 1910 చట్టంతో మళ్లీ పేటెంట్లలోకి అడుగుపెట్టిన డచ్చివారు పరీక్షలో మహా నిక్కచ్చి మనుషులు. వారు సాంకేతిక విభాగాల వారీగా పేర్చిపెట్టుకున్న కాగితాల భాండారం సంస్థకు పెట్టుబడి అయింది. పరీక్షకుల వ్యవస్థ లేని పొరుగు దేశాలు తమ దరఖాస్తులను అక్కడికి పంపి, దొరికిన పూర్వజ్ఞానం జాబితాను తెప్పించుకునేవి. ఏం చేసుకోవాలో ఆ దేశాల ఇష్టం. హేగ్‌లో కూర్చున్నవారు ప్రధానంగా వెతికిపెట్టేవారు. పేటెంటు ఇచ్చేవారు కారు. ఈ సంస్థ 1978లో కొత్తగా పుట్టిన యూరోపియన్ పేటెంటు కార్యాలయంలో కలిసిపోయింది. పేరు పోయినా, వెతికే చోటుగా హేగ్ నిలిచింది.

ఈ హేగ్ నమూనాను ప్రపంచమంతటికీ విస్తరించాలన్న ఆలోచన అమెరికా నుంచి వచ్చింది. 1966 సెప్టెంబరులో పారిస్ కూటమి కార్యవర్గం, దరఖాస్తుల పరీక్షలో ఒకే పని పదే పదే జరగడాన్ని తగ్గించే మార్గం వెతకమని జెనీవాలోని తన కార్యదర్శివర్గాన్ని కోరింది. ఆ బాధ్యత నెత్తికెత్తుకున్నవాడు ఆర్పాడ్ బోగ్ష్. హంగరీలో పుట్టి అమెరికా పౌరుడైన న్యాయవాది. తరువాత 1973 నుంచి 1997 దాకా ప్రపంచ మేధోసంపత్తి సంస్థకు అధిపతి. నాలుగేళ్ల చర్చల తరువాత 1970 జూన్ 19న వాషింగ్టన్‌లో పేటెంటు సహకార ఒడంబడిక మీద సంతకాలయ్యాయి. పీసీటీ అని అందరూ పిలిచేది దీన్నే. 1978 జనవరిలో 18 దేశాలతో అమలులోకి వచ్చి, జూన్ 1న దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టింది. ఆ ఏడు మిగిలిన ఏడు నెలల్లో వచ్చినవి 459. ఇప్పుడు ఏటా రెండున్నర లక్షలు దాటుతున్నాయి.

‘అంతర్జాతీయ పేటెంటు’ అన్న మాట పత్రికల్లో తరచుగా కనిపిస్తుంది. అటువంటిది లేదు. పీసీటీ కింద ఉన్నది అంతర్జాతీయ దరఖాస్తు మాత్రమే. ఒకే దరఖాస్తు పెడితే, గుర్తింపు పొందిన ఒక కార్యాలయం వెతుకులాట జరిపి నివేదిక ఇస్తుంది, అభిప్రాయం చెబుతుంది. దాదాపు రెండున్నరేళ్ల తరువాత దరఖాస్తుదారు తనకు కావలసిన దేశాల తలుపులు ఒక్కొక్కటిగా తట్టాలి. ఒడంబడిక పాఠాన్ని చదువుతుంటే, దాన్ని రాసినవారు గీతను ఎంత జాగ్రత్తగా గీశారో తెలుస్తుంది. 27వ అధికరణం ఏ ఆవిష్కరణకు పేటెంటు ఇవ్వాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ ప్రతి దేశానికీ ఉందంటుంది. 33వ అధికరణం, కార్యాలయం ఇచ్చేది ప్రాథమికమైన, ఎవరినీ కట్టిపడేయని అభిప్రాయమంటుంది. 35వ అధికరణం మరీ ముచ్చటైనది. ఫలానా దేశపు చట్టం ప్రకారం దీనికి పేటెంటు వస్తుందనిగాని, వచ్చేలా ఉందనిగాని నివేదికలో ఒక్క మాట కూడా రాయకూడదు. కన్సల్టేషనుకు వెళ్లిన డాక్టరుకు, చూసిన గుర్తులన్నీ రాయి, మందు మాత్రం రాయకు అని చెప్పడం లాంటిదది.

అక్షరాల్లో గీసిన గీత ఆచరణలో నిలబడటం మాత్రం వేరే కథ. దరఖాస్తులు కొండలా పెరిగాయి. 1983లో యూరప్, అమెరికా, జపాను కార్యాలయాలు మూడూ కలిసి ఒక కూటమిగా ఏర్పడ్డాయి. 2007లో చైనా, కొరియా చేరి అయిదయ్యాయి. 2006 జూలైలో జపాను, అమెరికా మధ్య ‘పేటెంట్ ప్రాసిక్యూషన్ హైవే’ ప్రయోగాత్మకంగా తెరుచుకుంది. ఒక కార్యాలయం ఒప్పుకున్న క్లెయిములు చేతిలో ఉంటే, రెండో కార్యాలయంలో వరుస దాటి ముందుకు పోవచ్చు. రెండో కార్యాలయం స్వయంగా పరీక్షించే హక్కును వదులుకోదని పత్రాల్లో రాసి ఉంటుంది. కాని నెలకు ఇన్ని దస్త్రాలు ముగించాలన్న లెక్క నెత్తి మీద ఉన్న పరీక్షకుడి ముందుకు, పేరున్న కార్యాలయం ‘సరే’ అన్న కాగితం వచ్చినప్పుడు, వద్దనడానికి ఎంత ఓపిక కావాలి? డ్రహోస్ పుస్తకపు ప్రధాన వాదం ఇక్కడే ఉంది. ఒత్తిడితో కాదు, శిక్షణ తరగతులూ కంప్యూటరు వ్యవస్థలూ చేతి పుస్తకాలూ పంచి పెట్టడం ద్వారా మూడు పెద్ద కార్యాలయాలు చిన్న దేశాల కార్యాలయాల్లో తమ నిర్ణయాల పట్ల ఒక నమ్మకాన్ని పెంచాయనీ, ఆ నమ్మకం చివరికి బహుళజాతి సంస్థలకే ఎక్కువగా ఉపయోగపడిందనీ ఆయన అంటాడు. ఆయన కొన్నిచోట్ల కుట్ర లేనిచోట కూడా కుట్ర వాసన పట్టినట్టు నాకనిపించింది. పని భారం నిజం. ఆ పని తగ్గాలనుకోవడం పాపం కాదు.

సహకారంలో నాకు నిజంగా నచ్చిన ప్రయోగం ఒకటుంది. 2018 జూలైలో అయిదు పెద్ద కార్యాలయాలూ కలిసి, పీసీటీ కింద ఒకే దరఖాస్తును అయిదుగురు పరీక్షకులు ఉమ్మడిగా చూసే పద్ధతిని మొదలుపెట్టాయి. అంతకుముందు 2010 నుంచి యూరప్, అమెరికా, కొరియా చిన్న స్థాయిలో చేసిన ప్రయత్నాలకు ఇది కొనసాగింపు. ముఖ్య పరీక్షకుడు తాత్కాలిక నివేదిక రాసి మిగిలిన నలుగురికీ పంపుతాడు. వారు తమ భాషల్లో తమకు తెలిసిన పత్రాలను చూసి, తప్పిపోయినవాటిని చేరుస్తారు, విభేదిస్తే విభేదం రాస్తారు. ఆ తరువాతే తుది నివేదిక. రెండేళ్లలో ఒక్కో కార్యాలయం ముఖ్య పరీక్షకుడి పాత్రలో చూడవలసింది సుమారు 100 దరఖాస్తులు. లక్షల ముందు ఇది సముద్రంలో కాకిరెట్ట. కాని చైనా భాషలో ఉన్నదాన్ని చైనా పరీక్షకుడూ, జపాను భాషలో ఉన్నదాన్ని జపాను పరీక్షకుడూ వెతకడమే వెతుకులాటను పంచుకోవడానికి అసలైన అర్థం. మా ఆసుపత్రుల్లో సర్జనూ రేడియాలజిస్టూ పాథాలజిస్టూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకే రోగి గురించి మాట్లాడే వారంవారీ సమావేశాల్లాంటిది.

ఆ బల్ల దగ్గర కుర్చీ లేని భాషల సంగతేమిటి? పీసీటీ నియమాల ప్రకారం వెతుకులాటలో తప్పక చూడవలసిన కనీస పత్రాల జాబితా ఒకటుంది. 1920 తరువాతి అమెరికా, బ్రిటన్, ఫ్రాన్సు, జర్మనీ, జపాను, స్విట్జర్లండు, సోవియట్ పేటెంట్లు అందులో ముఖ్యమైనవి. కొరియా పత్రాలు 2007లోనూ, చైనా పత్రాలు 2012లోనూ చేరాయి. దీపం వెలుగు ఎంతవరకు పడితే అంతవరకే వెతుకులాట.

ఆ వెలుగు అవతల ఏముందో పసుపు ఉదంతం చూపించింది. 1995 మార్చిలో, గాయాలు మాన్పడానికి పసుపు వాడే పద్ధతి మీద మిసిసిపి విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రానికి అమెరికా పేటెంటు దక్కింది. మన ఇళ్లలో కాలు తెగిన పిల్లవాడి మీద అమ్మమ్మ చేసే మొదటి వైద్యం అది. కానీ అప్పటి అమెరికా చట్టం ప్రకారం, విదేశంలో జనం వాడుకలో ఉన్నంత మాత్రాన అది పూర్వజ్ఞానం కాదు. అచ్చులో కనబడాలి, లేదా పేటెంటులో ఉండాలి. కోట్లమందికి తెలిసినది, కాగితం మీద లేకపోతే, తెలియనిదాని కిందే లెక్క. 1996లో భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి, రఘునాథ్ మాషేల్కర్ నాయకత్వంలో, పునఃపరీక్ష కోరింది. సంస్కృతం, హిందీ, ఉర్దూ గ్రంథాలు మొదలుకొని ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో 1953లో వచ్చిన వ్యాసం దాకా 32 ఆధారాలు సమర్పించింది. 1997లో అమెరికా కార్యాలయం క్లెయిములను తోసిపుచ్చింది. ఆ అమెరికా పరీక్షకుడిని ఆడిపోసుకోవడం మనకు అలవాటైంది గాని, అతని ముందున్న అరల్లో ఆ పుస్తకాలు లేవు. సంస్కృతం చదవగల తోటి పరీక్షకుడు పక్కన లేడు. 2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం ఆ లోటు పూడ్చడానికి పుట్టింది. ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాల్లోని యోగాలను ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపాను భాషల్లోకి మార్చి, 2009 ఫిబ్రవరిలో యూరోపియన్ కార్యాలయపు పరీక్షకులకూ, తరువాత మరికొన్ని కార్యాలయాలకూ అందుబాటులో ఉంచారు. నా దృష్టిలో, భారతదేశం పేటెంటు సహకారానికి చేసిన అతిపెద్ద కానుక ఇదే. వెతుకులాటను ఎంత పంచుకుంటే అంత మేలని పసుపు కథ చెబుతుంది.

తీర్పును పంచుకోవడం గురించి మరో కథ చెబుతుంది. అది మందు కథ.

నేను వైద్య విద్యార్థిగా ఉన్న కాలంలో క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అంటే పొట్ట నిండా పెరిగిన ప్లీహం. వార్డులో పరీక్షల సమయంలో మాకు చూపించడానికి అనువైన ‘మంచి కేసు’. హైడ్రాక్సీయూరియా, బుసల్ఫాన్‌లతో తెల్లకణాలను కొన్నాళ్లు అదుపులో పెట్టేవారు. మూడు నాలుగేళ్లకు జబ్బు తిరగబడేది. మూలుగ మార్పిడి కొద్దిమందికే అందేది. 2001 మేలో అమెరికా ఆమోదించిన ఇమాటినిబ్ అనే మాత్ర ఆ చిత్రాన్ని తుడిచేసింది. రోజూ మాత్ర వేసుకుని రోగి తన పనికి తాను వెళ్లేవాడు. మా తరం వైద్యులు కళ్లారా చూసిన అద్భుతాల్లో దానికి పీట వేయాలి. గ్లివెక్ పేరుతో దాన్ని తెచ్చిన నోవార్టిస్ సంస్థ శాస్త్రజ్ఞుల పట్లా, దాన్ని రోగుల దాకా చేర్చిన బ్రయన్ డ్రుకర్ పట్లా నాకున్న గౌరవం తక్కువది కాదు.

ఇమాటినిబ్ మూలపదార్థం మీద 1990ల తొలినాళ్లలోనే పలు దేశాల్లో పేటెంటు దరఖాస్తులు పడ్డాయి. 1970 చట్టం ప్రకారం భారతదేశంలో మందు పదార్థానికి పేటెంటు లేదు. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఆ చట్టానికి పునాది. అందువల్ల నోవార్టిస్ భారతదేశంలో అడిగింది ఆ మందు లవణపు ఒకానొక స్ఫటిక రూపం మీద. స్విట్జర్లండులో 1997 జూలై 18న మొదటి దరఖాస్తు. చెన్నైలో 1998 జూలై 17న దరఖాస్తు. 12 నెలల గడువుకు సరిగ్గా ఒక్క రోజు ముందు. పారిస్ నేర్పిన అలవాటు ఎంత లోతుగా ఇంకిందో చూడండి. అప్పటికి భారతదేశం పారిస్ ఒప్పందంలోనూ పీసీటీలోనూ లేదు. ఆ డిసెంబరు 7న రెంటిలోనూ ఒకేసారి చేరింది.

దరఖాస్తు 2005 దాకా పెట్టెలోనే ఉంది. ఆ ఏడు జనవరి 1 నుంచి మందులకు పేటెంట్లు ఇవ్వడం తప్పనిసరి కావడంతో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. సవరిస్తూనే 3(డి) అనే సెక్షనును పదును పెట్టింది. తెలిసిన పదార్థానికి కొత్త రూపం ఇస్తే, దాని గుణం గణనీయంగా పెరిగితేనే పేటెంటు. పేటెంటు ఇవ్వకముందే ఎవరైనా అడ్డుచెప్పే హక్కునూ ఉంచింది. అడ్డుచెప్పినవారు అయిదుగురు. క్యాన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్, సిప్లా, రాన్‌బాక్సీ, మన హైదరాబాదు నుంచి నాట్కో, హెటెరో. గ్లివెక్ నెలకు సుమారు 1,20,000 రూపాయలు. దేశీయ మాత్రలు 8,000 నుంచి 10,000. నోవార్టిస్ వేలమంది రోగులకు మందును ఉచితంగా ఇచ్చిన మాట కూడా నిజం. దాన్ని చెప్పకపోవడం అన్యాయం. అయితే కంపెనీ దయ మీద దొరికే మందుకూ, ఊళ్లో మందుల దుకాణంలో దొరికే మందుకూ తేడా రోగి ఇంటివారికి తెలుస్తుంది.

2006 జనవరి 25న చెన్నై కార్యాలయం దరఖాస్తును తిరస్కరించింది. సంస్థ మద్రాసు హైకోర్టుకూ, అప్పీలు బోర్డుకూ, చివరికి సుప్రీంకోర్టుకూ వెళ్లింది. దాదాపు 40 దేశాలు ఇదే స్ఫటిక రూపానికి పేటెంటు ఇచ్చాయి, చెన్నైకి మాత్రం ఎందుకు కనబడలేదు అన్నది ఆ సంస్థ బహిరంగంగా వినిపించిన వాదం. ఉమ్మడి తీర్పు కోరేవారి వాదం కూడా సరిగ్గా ఇదే. కాని ఆ 40 దేశాల్లో పెద్దదైన అమెరికాలో సైతం పరీక్షకుడు మొదట దీన్ని తోసిపుచ్చాడు. 2003 నవంబరులో అప్పీలు బోర్డు ఆ నిర్ణయాన్ని తిరగరాశాకే, 2005 మేలో పేటెంటు వచ్చింది. ‘40 దేశాలు’ అన్న అంకె వెనుక ఉన్న తటపటాయింపు అంకెలో కనిపించదు. 2013 ఏప్రిల్ 1న జస్టిస్ అఫ్తాబ్ ఆలం, జస్టిస్ రంజనా దేశాయ్ తీర్పు చెప్పారు. మందు విషయంలో గుణం అంటే జబ్బును నయం చేసే గుణం. స్ఫటికం నిలకడగా ఉండటమో, తేలికగా జారడమో కాదు. ఒంట్లోకి 30 శాతం ఎక్కువగా ఇంకుతుందన్నారు సరే, దానివల్ల రోగికి మేలు పెరిగిందని చూపిన ఆధారమేది? మందుల పరీక్షా పత్రాలు చదివే ఏ వైద్యుడైనా అడిగే ప్రశ్నే అది. ఒంట్లో చేరిన మోతాదు వేరు, తగ్గిన జబ్బు వేరు.

ఇక్కడ గమనించవలసింది చెన్నై పరీక్షకుడు మిగిలినవారికన్నా తెలివైనవాడని కాదు. అతని ముందున్న పూర్వజ్ఞానం దాదాపు వారి ముందున్నదే. అతని చేతిలో ఉన్న చట్టం వేరు. ఆ చట్టాన్ని చేసిన సభ వేరు. పరీక్షకుడి కాగితం మీద అంతకుముందే ఎక్కడో ఖాయమైన తీర్పు అచ్చై వచ్చి ఉంటే, 3(డి) పుస్తకాల్లో ఉండేది, వాడుకలోకి వచ్చేది కాదు.

తీర్పును అరువు తెచ్చుకునే పద్ధతి కొత్తదేమీ కాదు. బ్రిటిష్ ఏలుబడిలోని మలయా, సింగపూర్‌లలో లండన్ ఇచ్చిన పేటెంటును నమోదు చేసుకోవడమే పేటెంటు వ్యవస్థ. మలేషియా 1986లో, సింగపూర్ 1995లో దాన్నుంచి బయటపడి సొంత చట్టాల కిందికి వచ్చాయి. భారతదేశానికి 1856లోనే విడిగా చట్టం ఉంది. తొలి దరఖాస్తు జార్జి ఆల్ఫ్రెడ్ డిపెనింగ్ అనే దొర పెట్టినది, పంకా లాగే యంత్రం కోసం! ఇప్పుడు మరో రూపంలో ఆ పాత పద్ధతి తిరిగి వచ్చింది. యూరోపియన్ కార్యాలయం ఇచ్చిన పేటెంటు రుసుము చెల్లిస్తే తమ దేశంలోనూ చెల్లేలా మొరాకో 2015లో, కంబోడియా 2018లో ఒప్పందాలు అమలుచేశాయి. కంబోడియా తన చట్టం ప్రకారం మందుల పేటెంట్లను ప్రస్తుతానికి బయట ఉంచింది. పరీక్షకులను పోషించలేని చిన్న దేశాన్ని దూరం నుంచి తప్పుపట్టడం తేలిక. కాని ఫ్రెంచివారు పెట్టిన ‘పూచీ లేదు’ ముద్రలోని నిజాయతీ ఇందులో లేదనిపిస్తుంది.

భారతదేశం ఎక్కడ నిలబడింది? గ్లివెక్ తీర్పు వచ్చిన ఏడాదే, 2013 అక్టోబరు 15 నుంచి, భారత కార్యాలయం పీసీటీ కింద అంతర్జాతీయ వెతుకులాట జరిపే కార్యాలయంగా పని మొదలుపెట్టింది. ఒకే ఏడాదిలో తీర్పు తనదేనని చెప్పుకుంది, వెతుకులాటలో చేయి కలిపింది. 2019 డిసెంబరులో జపానుతో ‘హైవే’ ఒప్పందం మూడేళ్ల ప్రయోగంగా మొదలైంది. దాని షరతులు చదవదగ్గవి. జపాను కార్యాలయం అన్ని రంగాల దరఖాస్తులనూ తీసుకుంది. భారత కార్యాలయం మాత్రం విద్యుత్తు, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్లు, భౌతికశాస్త్రం, సివిల్, మెకానికల్, జౌళి, వాహనాలు, లోహశాస్త్రం వంటి రంగాలకే, ఏడాదికి 100 అభ్యర్థనల దాకా, ఆ దారి తెరిచింది. రసాయనాలు లేవు, మందులు లేవు. ఎవరు రాశారోగాని, ఆ జాబితా రాసిన గుమాస్తాకు గ్లివెక్ గుర్తుంది.

డ్రహోస్ పుస్తకంలో భారత కార్యాలయానికి ఒక అధ్యాయం ఉంది. చివరి అధ్యాయాల్లో చిన్న దేశాలు తమ పేటెంటు పాలనను తమ చేతిలో ఎలా నిలుపుకోవచ్చో ఆయన వివరంగా చర్చిస్తాడు. భాష కొంచెం పొడిగా ఉంటుంది, విధివిధానాల పుటలు ఓపిక అడుగుతాయి. పేటెంటు న్యాయం చదువుకోనివారు చరిత్ర భాగంతో మొదలుపెట్టి, తరువాత భారత అధ్యాయానికి వెళ్లడం మంచిది. అయితే అది 2010 నాటి గ్రంథం. సుప్రీంకోర్టు తీర్పుకు మూడేళ్ల ముందు ఆగిపోయింది. ఆ తరువాతి కథను, చెన్నై కార్యాలయపు దస్త్రాలు చూసి, హైదరాబాదు మందుల కంపెనీల వారితోనూ, ఆ మాత్రలు మింగి బతికిన రోగులతోనూ మాట్లాడి, ఎవరైనా తెలుగులో రాస్తే చదవాలని ఉంది.